పప్పు చిక్కగా వండుకో బిడ్డా

చిరంజీవి చిన్నోడికి పెద్దమ్మ ఆశీస్సులు.

మాంసం, గుడ్డు మానేశావట. బలానికి ప్రొటీన్ (మాంసకృత్తుల) పొడి డబ్బా కొనాలా అని మీ అమ్మతో అడిగించావు. డబ్బా సంగతి తర్వాత, ముందు నీ పప్పు గిన్నె చూద్దాం.

పెద్దవాళ్లకు ఒంటి బరువు కిలోకు రోజుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు కావాలని మీ హైదరాబాదులోనే ఉన్న జాతీయ పోషకాహార సంస్థ లెక్క. నువ్వు 60 కిలోలుంటే దగ్గరదగ్గర 50 గ్రాములు. వంద గ్రాముల కందిపప్పులో 22 దాకా ఉంటాయి. కానీ మెస్సులో పోసేది పప్పుచారు. అందులో నీ వంతుకు పిడికెడు పప్పు కూడా రాదు.

అన్నం తగ్గించి పప్పు పెంచు. వండకముందు కొలతలో మూడు పాళ్ల బియ్యానికి ఒక పాలు పప్పు ఉండాలి. బియ్యంలో, జొన్నలో తక్కువయ్యే లైసిన్ అనే మాంసకృత్తుల భాగం పప్పులో దండిగా ఉంటుంది. పప్పులో తక్కువయ్యే మెథియోనిన్ అనే ఇంకో భాగాన్ని ధాన్యం ఇస్తుంది. అందుకే రెండూ కలిపి తినాలి.

ఉలవలు రాత్రి నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, మెత్తగా ఉడికించి గుగ్గిళ్లు చేసుకో. మనవాళ్లు కట్టుతో చారు కాచుకుని గింజలు ఎద్దులకు పెట్టేవాళ్లు. లాభం ఎద్దుకే! మీల్‌మేకర్ కూడా మంచిదే, నూనె తీసిన సోయా పిండితో చేస్తారు, బరువులో సగం మాంసకృత్తే. ఒక్కసారిగా పెంచితే కడుపు ఉబ్బుతుంది, మెల్లగా అలవాటు చేసుకో.

బి12 విటమిన్ మాత్రం ఏ పప్పులోనూ దొరకదు. పాలు, పెరుగు మానకు. అవీ మానేస్తానంటే డాక్టరును అడిగి మాత్రలు వేసుకో.

ఈసారి వానాకాలంలో ఊరికొస్తే, జొన్న సాళ్ల మధ్య వేసిన కంది మొక్క ఒకటి పీకి చూడు. వేళ్లకు బుడిపెలుంటాయి. గోటితో చీల్చితే లోపల గులాబీ రంగు కనిపిస్తే, గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు అందిస్తున్నట్టే. రాలిన ఆకు, వేరు నేలలోనే ఉంటాయి కాబట్టి తర్వాతి పంటకు యూరియా కొంత తగ్గించుకుంటాం. వరికి మడి నిండా నీళ్లు పెట్టాలి. కందికి వాన చాలు. అయినా గిట్టుబాటు ధర లేని ఏడు రైతు కంది వేయమంటే ఎందుకు వేస్తాడు? మీ పట్నంవాళ్లు తినడం పెరగాలి.

మన తాండూరు కందికి 2022లో, అది ఆ ప్రాంతపు ప్రత్యేక పంటేనని చెప్పే భౌగోళిక గుర్తింపు వచ్చింది. అలాగని సంచి మీద పేరు చూసి కొనకు. నూనె మెరుపు లేని పప్పు అడిగి తీసుకో. కొత్త కంది సంక్రాంతికి ఇంటికొస్తుంది, పప్పు పట్టించి మీ నాన్నతో పంపిస్తా.

మీ పెద్దమ్మ