తెల్ల డబ్బా లేకుండా బొమ్మ చేరాలంటే

చిరంజీవి కిరణ్‌కి,

బాబాయి ఆశీస్సులు. నిన్న ఫోన్లో సగంలోనే లైన్ కట్టయింది, అందుకే రాస్తున్నా. మెరూన్ రంగు శుభలేఖ మీద వినాయకుడి వెనక తెల్ల డబ్బా వస్తోందన్నావు. ఫొటోషాప్‌లో కంట్రోల్ సీ కొట్టి, కార్డు వేసే కోరల్‌డ్రా ప్రోగ్రాంలోకి వచ్చి కంట్రోల్ వీ కొట్టుంటావు. హైదరాబాద్ ఛత్తా బజార్ ప్రింటింగ్ షాపుల్లో కొత్తగా చేరిన కుర్రాళ్లందరూ మొదట చేసేది అదే.

ఫొటోషాప్‌లో బొమ్మ వెనక కనపడే బూడిదరంగు గళ్లు బొమ్మలో ఉండవు. అక్కడ ఖాళీ ఉందని ఆ ప్రోగ్రాం మనకి చూపిస్తోందంతే. రంగుల కోసం ఎరుపు, ఆకుపచ్చ, నీలం చానెళ్లున్నట్టే, ఏ చుక్క (పిక్సెల్) ఎంత కనపడాలో చెప్పడానికి ఆల్ఫా అని నాలుగో చానెల్ ఉంటుంది. అందులో 0 అంటే ఖాళీ, 255 అంటే నిండు, మధ్యవన్నీ సగం సగం. కాపీ పేస్ట్ చేస్తే బొమ్మ విండోస్ క్లిప్‌బోర్డ్ (కాపీ చేసింది తాత్కాలికంగా ఉండే చోటు) మీదుగా వెళ్తుంది. అక్కడ పాతకాలపు బిట్‌మ్యాప్‌గా మారిందంటే ఆల్ఫా దారిలోనే పోతుంది, ఖాళీ ఉన్నచోట తెలుపో నలుపో వచ్చి కూర్చుంటుంది. కాబట్టి ఒక ప్రోగ్రాంలోంచి ఇంకోదాంట్లోకి బొమ్మని ఎప్పుడూ ఫైలుగానే తీసుకెళ్లు. ఇక్కడ సేవ్ చెయ్యి, అక్కడ ఇంపోర్ట్ చెయ్యి.

ఏ ఫైలు అంటావా? జేపెగ్‌లో ఆల్ఫాకి చోటే లేదు, దాన్ని వదిలెయ్. జిఫ్‌లో ఖాళీ ఉంటుంది గానీ ఒక చుక్క కనపడాలి లేదా మాయమవ్వాలి, సగం కనపడటం కుదరదు. అందుకే దాని అంచులు రంపపు పళ్లలా ఉంటాయి. జిఫ్‌లో వాడే కంప్రెషన్ మీద పేటెంటు గొడవ లేచాక దానికి బదులుగా 1996లో పీఎన్‌జీ తెచ్చారు. అందులో ఆల్ఫాకి 256 మెట్లుంటాయి. ఈ రోజు ఏ డిజైన్ ప్రోగ్రాం తెరిచినా పీఎన్‌జీని తీసుకుంటుంది. కానీ అందులో సీఎంవైకేకి (ప్రెస్సులో వాడే నాలుగు సిరాల లెక్క) చోటు లేదు, రంగు బొమ్మంటే ఆర్‌జీబీయే (స్క్రీన్ మీది మూడు రంగుల లెక్క). ఫ్లెక్సుకీ, వాట్సాప్ ఇన్విటేషన్‌కీ సరిపోతుంది. ఆఫ్‌సెట్ ప్రెస్సుకి వెళ్లే కార్డులో పెడితే స్క్రీన్ మీద మెరిసిన చిలకాకుపచ్చ కాగితం మీద చప్పగా దిగుతుంది, పార్టీ (కార్డు వేయించుకునేవాడు) నీ మొహం చూస్తాడు. ప్రెస్సుకి వెళ్లే బొమ్మని ఫొటోషాప్‌లోనే సీఎంవైకేకి మార్చి, రంగులు చూసుకుని, ఫొటోషాప్ సొంత ఫైలు పీఎస్‌డీగా సేవ్ చెయ్యి. టిఫ్ అయినా పర్లేదు గానీ, సేవ్ చేసేటప్పుడు వచ్చే బాక్సులో ఖాళీని ఖాళీగానే ఉంచే ‘సేవ్ ట్రాన్స్‌పరెన్సీ’ టిక్కు చూసుకో.

కోరల్ పీఎస్‌డీని నేరుగా ఇంపోర్ట్ చేసుకుంటుంది, లేయర్లతో (ఒకదాని మీద ఒకటి పరిచిన పొరలతో) సహా. లేయర్ స్టైల్స్‌తో పెట్టిన నీడలూ మెరుపులూ మాత్రం అక్కడ ఉన్నవున్నట్టు వస్తాయన్న నమ్మకం నాకు లేదు. అసలు ఫైలు ముట్టుకోకుండా కాపీ తీసి, బ్యాక్‌గ్రౌండ్ లేయర్ పక్కనున్న కన్ను గుర్తు ఆపేసి, కంట్రోల్ షిఫ్ట్ ఈ కొట్టి మిగతావన్నీ ఒకే లేయర్ చేసి, అప్పుడు పంపు. అసలు పీఎస్‌డీ మాత్రం దాచుకో. పార్టీవాళ్లు మళ్లీ వచ్చి “కిరీటం కొంచెం పెద్దది చెయ్యండి” అనకుండా ఉండరు.

ఇప్పుడు అంచుల సంగతి. పని తెలిసినవాడెవడో, తెలియనివాడెవడో ఇక్కడే తెలిసిపోతుంది. పెళ్లికూతురి ఫొటో తెల్ల గోడ ముందు తీశారనుకో. నువ్వు ఎంత జాగ్రత్తగా కట్ చేసినా, జడలో మల్లెపూల చుట్టూ, చెవి దగ్గర రేగిన వెంట్రుకల చుట్టూ సగం కనపడే చుక్కలుంటాయి. వాటిలో ఆ గోడ తెలుపు కలిసిపోయి ఉంటుంది. తెల్ల పేజీ మీద ఏం తెలీదు, మెరూన్ మీద పెట్టగానే మనిషి చుట్టూ తెల్లటి గీత మెరుస్తుంది. అందుకే కట్ చేసేటప్పుడే కింద ఒక లేయర్ పెట్టి కార్డు రంగు నింపుకో. గీత కనపడితే లేయర్ మెనూలో మ్యాటింగ్‌లోకి వెళ్లి ‘డీఫ్రింజ్’ ఒక పిక్సెల్ ఇవ్వు, లేదా ‘రిమూవ్ వైట్ మ్యాట్’ వాడు. మాస్క్ (చెరపకుండా దాచిపెట్టే పొర) వేసి ఉంటే ముందు కాపీ మీద దాన్ని అప్లై చేసుకో. పని అయ్యాక ఆ రంగు లేయర్ ఆపేసి సేవ్ చెయ్యి.

సైజు దగ్గర కూడా కంగారు పడతావు. 300 రిజల్యూషన్‌లో, అంటే అంగుళానికి 300 పిక్సెళ్ల లెక్కన, 1200 పిక్సెళ్ల వెడల్పు బొమ్మ 4 అంగుళాలు ఉంటుంది. అదే ‘సేవ్ ఫర్ వెబ్’ నుంచి తీస్తే రిజల్యూషన్ లెక్క పోయి, కోరల్ 72 లెక్కన తీసుకుంటే దాదాపు 17 అంగుళాలుగా దిగి కార్డు దాటిపోతుంది. పిక్సెళ్లు అవే, కాబట్టి 4 అంగుళాలకి తగ్గించుకో. పెద్దగా దిగింది కదా అని అదే బొమ్మని ఫ్లెక్సులో సాగదీయకు.

కోరల్ నుంచి ఫొటోషాప్‌కి తిరిగి తేవాలంటే, కావలసినవి సెలెక్ట్ చేసుకుని పీఎన్‌జీగా ఎక్స్‌పోర్ట్ చేస్తూ ట్రాన్స్‌పరెంట్ టిక్కు పెట్టు, రిజల్యూషన్ 300 ఇవ్వు. కోరల్‌లో గీసిన లోగోని గీతల బొమ్మలు వేసే ఇల్లస్ట్రేటర్ ప్రోగ్రాంకి పంపాలంటే మాత్రం పీఎన్‌జీ చెయ్యొద్దు. గీతలకి వెనక బ్యాక్‌గ్రౌండ్ అనేదే ఉండదు. పీడీఎఫ్‌గానో ఎస్‌వీజీగానో పంపితే గీతలు గీతలుగానే చేరతాయి. అను ఫాంట్లలో (యూనికోడ్ కాని పాత తెలుగు ఫాంట్లు) మ్యాటర్ ఉంటే పంపేముందు కోరల్‌లో కంట్రోల్ క్యూ కొట్టి అక్షరాల్ని కర్వ్స్ (గీతలు) చెయ్యి, లేకపోతే అవతల ఆ ఫాంటు లేని సిస్టంలో వధువు పేరు ఇంగ్లీషు పిచ్చి గీతలవుతుంది.

పేజీలు కూర్చే పాత ప్రోగ్రాం పేజ్‌మేకర్ వాడే షాపులు ఇంకా తగులుతాయి. దాని చివరి వెర్షన్ 7 వచ్చింది 2001లో, సగం కనపడే అంచులు దానికి తెలీవు. వాళ్లకి పెన్ టూల్‌తో బొమ్మ అంచు వెంట పాత్ (గీత) గీసి, దాని బయటిదంతా దాచే క్లిప్పింగ్ పాత్ చేసి ఈపీఎస్ ఫైలు ఇవ్వు. అంచు కత్తిరించినట్టే వస్తుంది, నీడ రాదు. ముందే చెప్పెయ్.

ప్రెస్సువాళ్లు పీడీఎఫ్ అడిగితే ఏ రకమో కనుక్కో. పీడీఎఫ్/ఎక్స్-1ఏ అంటే ట్రాన్స్‌పరెన్సీ అంతా చదును చేసి (కింది రంగుతో కలిపేసి) ఇవ్వాలి, ఎక్స్-4 అయితే ఉన్నదున్నట్టు వెళ్తుంది. చదును చేసిన పీడీఎఫ్‌లో సన్నటి తెల్ల గీతలు కనపడితే జూమ్ చేసి చూడు. ఎంత జూమ్ చేసినా గీత లావెక్కకుండా అలాగే ఉంటే అది స్క్రీన్ మాయే, ప్రింటులో సాధారణంగా రాదు.

నెట్‌లో దొరికే ‘పీఎన్‌జీ’ దేవుడి బొమ్మల్లో కొన్నింటికి ఆ గళ్లు బొమ్మలోనే అచ్చై ఉంటాయి. డౌన్‌లోడ్ చేశాక రంగు మీద పెట్టి చూడు, గళ్లు కనపడితే పారెయ్. ఇంకో సంగతి, వాట్సాప్‌లో బొమ్మని ఫొటోగా పంపితే జేపెగ్ అయిపోయి ఆల్ఫా పోతుంది. ఎప్పుడూ డాక్యుమెంట్‌గానే పంపు, పార్టీవాళ్లని కూడా అలాగే పంపమను.

ఆ వినాయకుడి పీఎస్‌డీ కూడా నాకు డాక్యుమెంట్‌గా పంపు, రాత్రికి చూసి చెప్తా. పిన్ని నువ్వు వేళకి తింటున్నావో లేదో అడగమంది.

ఇట్లు,
మీ బాబాయి