ట్యాబ్‌లో దారి చూసుకోవాలంటే

అమ్మలూ,

కారులో పెద్ద ట్యాబ్ బిగించావని, గుంటూరు వెళ్తూ బెజవాడ దాటేసరికి మ్యాప్‌లో బాణం కదలడం మానేసిందని మీ అమ్మ చెప్పింది. ఫోన్ హాట్‌స్పాట్ ఆన్‌లోనే ఉందిగా, ఇంకేం కావాలి అన్నావట.

హాట్‌స్పాట్ నెట్ ఇస్తుందమ్మా, నువ్వెక్కడున్నావో చెప్పదు. అది చెప్పాల్సింది జీపీఎస్ చిప్పు. సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహాల సిగ్నల్స్ అందుకుని, కనీసం నాలుగింటిని బట్టి అది లెక్క కడుతుంది. దానికి నెట్‌తో పనిలేదు. సిమ్ లేని ట్యాబ్‌లలో కొన్నింటికి ఆ చిప్పే ఉండదు. చుట్టుపక్కల వైఫైలను బట్టి చోటు ఊహిస్తాయి. అందుకే బందరు రోడ్డులో బాగానే నడిచింది, హైవే ఎక్కాక చేతులెత్తేసింది.

ముందు మేడ మీదికెళ్ళి, వైఫై ఆపేసి, ట్యాబ్‌లో మ్యాప్ తెరిచి కాసేపు అటూ ఇటూ నడువు. చుక్క నీతో పాటు కదిలితే చిప్పు ఉన్నట్టే, ఈ ఉత్తరం ఇక్కడితో మూసెయ్యి. కదలకపోతే ఫోన్ జీపీఎస్‌నే ట్యాబ్‌కి అరువివ్వాలి.

నీది ఆండ్రాయిడ్ ట్యాబ్ కాబట్టి పని తేలికే. లొకేషన్‌ను బ్లూటూత్‌లోనో హాట్‌స్పాట్‌లోనో పంపే యాప్‌లు ప్లేస్టోర్‌లో ఉంటాయి. ఒకటి చూసి ఫోన్‌లోనూ ట్యాబ్‌లోనూ వేసుకో. ట్యాబ్ సెట్టింగ్స్‌లో బిల్డ్ నంబర్ మీద ఏడుసార్లు నొక్కితే డెవలపర్ ఆప్షన్స్ తెరుచుకుంటాయి. అందులో ‘మాక్ లొకేషన్ యాప్’ అన్నచోట ఈ యాప్‌ను ఎంచుకో. ఇక ఫోన్ చెప్పిన చోటునే ట్యాబ్ తనదనుకుంటుంది. బాణం ఉన్నట్టుండి పాతచోటికి గెంతుతుంటే ట్యాబ్ లొకేషన్ సెట్టింగ్స్‌లో వైఫై స్కానింగ్ ఆపెయ్యి.

ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఫోన్ దగ్గరే. స్క్రీన్ ఆరగానే బ్యాటరీ మిగుల్చుదామని ఫోన్ ఆ యాప్‌ను నిద్రపుచ్చుతుంది, ట్యాబ్‌లో బాణం ఆగిపోతుంది. ఆ యాప్ వరకు బ్యాటరీ పొదుపు తీసెయ్యి, లొకేషన్ అనుమతి ఎప్పుడూ ఉండేలా పెట్టు. ఆకాశం కనబడాల్సింది ఫోన్‌కే, ట్యాబ్‌కి కాదు. కాబట్టి ఫోన్ హ్యాండ్‌బ్యాగులో వెయ్యకు, ముందు అద్దం దగ్గర పెట్టు. అలాగని మే నెలలో గుంటూరు ఎండకి నేరుగా ఎదురు పెట్టావంటే కాగిపోయి అదే ఆఫవుతుంది. ఏసీ గాలి తగిలేచోట బిగించు, ఛార్జర్ తగిలించు.

బయల్దేరేముందు ఇంట్లో వైఫై ఉండగానే బెజవాడ, గుంటూరు రెండు ఊళ్ళ మ్యాప్ ట్యాబ్‌లో డౌన్‌లోడ్ చేసి పెట్టుకో. నెట్ పోయినా దారి చూపిస్తుంది, ట్రాఫిక్ మాత్రం చూపించదు.

ఇంత చేసినా గుడ్డిగా నమ్మకు. మంచి ఆకాశం కింద కూడా ఫోన్ లెక్క ఐదు మీటర్లు అటూఇటూ ఉంటుంది. బెంజి సర్కిల్ దగ్గర ఫ్లైఓవర్ పైన ఉన్నావో కింద ఉన్నావో దానికి తేల్చుకోవడం కష్టం. కనకదుర్గ ఫ్లైఓవర్ దగ్గరా అంతే. అక్కడ బోర్డులు చూసుకో. ‘సర్వీస్ రోడ్డులోకి తిరుగు’ అని ఆలస్యంగా చెప్పిందని హైవే మీద సడన్ బ్రేక్ కొట్టకు. ముందుకెళ్ళి యూటర్న్ తీసుకో, పోయేదేముంది, నాలుగు చుక్కల పెట్రోలు.

నన్నడిగితే అసలు ఈ తంటా పడను, ఫోన్‌నే స్టాండుకి బిగిస్తాను. నీకు అక్షరాలు పెద్దగా కనబడాలి గనక ఇదంతా చెప్పాను. కారు స్క్రీన్‌లో ఆండ్రాయిడ్ ఆటో ఉంటే మాత్రం ట్యాబ్ పక్కన పడెయ్. అందులో ఫోన్ మ్యాపే పెద్దగా కనబడుతుంది.

గుంటూరు బ్రాడీపేటలో అత్తయ్యది 4/14, అంటే నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు. మ్యాప్‌లో ఇంటి నంబర్ కొట్టకు, ఆ మలుపు మీద పిన్ పెట్టుకో. ఇంటికి చేరాక మాక్ లొకేషన్ తీసెయ్యి, డెవలపర్ ఆప్షన్స్ కూడా ఆపెయ్యి. అవి ఆన్‌లో ఉంటే కొన్ని బ్యాంకు యాప్‌లు తెరుచుకోనంటాయి.

ఆశీస్సులతో,
మామయ్య