మూలన పడ్డ గ్యాస్ పొయ్యి బాగుపడుతుందా?

ప్రశ్న: మా అత్తగారి రెండు బర్నర్ల స్టీలు పొయ్యి ఏళ్లుగా మెట్ల కింద పడి ఉంది. మొన్న వెలిగిస్తే పసుపు మంట, గిన్నెలకంతా మసి. మావారు కొత్తది కొందామంటున్నారు. నాకు మనసొప్పడం లేదు.
– ఒక గృహిణి, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: పారేయకండమ్మా. ఆ కాలపు ఇత్తడి బర్నర్లు బరువైనవి, గట్టివి. కాకపోతే శుభ్రం చేసేదాకా మళ్లీ వెలిగించొద్దు.

గ్యాసులో గాలి సరిగ్గా కలవకపోతేనే మంట పసుపుగా వస్తుంది. సిలిండర్ నుంచి విడదీసి, పొయ్యి తిరగేసి చూడండి. బర్నర్‌కి వెళ్లే గొట్టం మొదట్లో గాలి దూరే సందు ఉంటుంది. సాలెగూళ్లు, బొద్దింక గుడ్లు చేరేది అక్కడే. సన్నటి సీసా బ్రష్‌తో లాగేయండి. బర్నర్లను రాత్రంతా చింతపండు నీళ్లలో నానబెట్టి, పాత టూత్‌బ్రష్‌తో తోమి, బాగా ఎండబెట్టాకే బిగించండి.

గొట్టం ఎదురుగా ఉండే చిన్న ఇత్తడి జెట్‌ని మాత్రం పిన్నీసుతో పొడవకండి. ఇత్తడి మెత్తన, రంధ్రం పెద్దదైతే గ్యాస్ ఎక్కువొచ్చి మళ్లీ మసే. అది మూసుకుపోతే, నాబ్ బిగుసుకుపోతే మెకానిక్‌కే ఇవ్వండి.

రబ్బరు ట్యూబు దగ్గర పొదుపు వద్దు. ఐఎస్ఐ మార్కు సురక్షా ట్యూబు కొత్తది వేయండి, అదీ 5 ఏళ్లకోసారి మార్చాలి. తర్వాత, పొయ్యి వెలిగించకముందే, రెగ్యులేటర్ తెరిచి అతుకుల మీద సబ్బు నురగ రాయండి. బుడగలొస్తే లీకే. వెంటనే రెగ్యులేటర్ ఆపి, కిటికీలు తెరిచి, గ్యాస్ లీకుల అత్యవసర నంబరు 1906కి ఫోన్ చేయండి.

అడుగు రేకు తుప్పుతో చిల్లులు పడితే మాత్రం మీవారి మాటే వినండి.