మోకాలి చిప్ప విరిగితే పెద్ద కోత లేకుండా ఆపరేషన్ కుదురుతుందా?

కుదురుతుంది, కానీ అందరికీ కాదు. చిప్ప అడ్డంగా రెండు ముక్కలై, అవి మరీ దూరం జరగకపోతే ఈ పద్ధతి పనికొస్తుంది. నుజ్జునుజ్జయితే మాత్రం సాధారణంగా మోకాలు తెరవాల్సిందే.

అసలు ఆపరేషన్ అవసరమా అన్నది ముందు తేలాలి. పడుకుని, మోకాలు వంచకుండా కాలు పైకి లేపగలిగి, ముక్కల మధ్య ఎడం 2, 3 మిల్లీమీటర్లు దాటకపోతే చాలామందికి కట్టుతోనే అతుక్కుంటుంది.

చిన్న కోతల పద్ధతిలో చర్మం పైనుంచే క్లాంపుతో ముక్కల్ని దగ్గరికి నొక్కిపట్టి, సన్నటి తీగలు గుచ్చి, వాటి మీదుగా బోలు స్క్రూలు బిగిస్తారు. ముక్కలు సరిగ్గా కూర్చున్నాయో లేదో ఎక్స్‌రేలో అక్కడికక్కడే చూసుకుంటారు. కొందరు సర్జన్లు ఆర్థ్రోస్కోప్ (కీలు లోపల చూసే సన్నటి కెమెరా గొట్టం) పెట్టి లోపల కార్టిలేజ్ (ఎముక మీది నున్నటి పొర) వైపు కూడా పరిశీలిస్తారు. నా దృష్టిలో అసలు కీలకం ఇదే. ముక్కలు సమంగా కలవక లోపలి వైపు మెట్టులా మిగిలిపోతే, పైన మచ్చ ఎంత చిన్నదైనా, మున్ముందు ఆర్థరైటిస్ ముప్పు పెరుగుతుంది.

మోకాలి ముందు చర్మం పల్చన, కింద కండ ఉండదు. అందుకే కోత చిన్నదైతే గాయం మానడంలో ఇబ్బందులు తక్కువ. ఎముక అతకడానికి పట్టే కాలం మాత్రం తగ్గదు. కుట్లు చిన్నవే కదా అని డాక్టర్ చెప్పకముందే మెట్లెక్కడం, గొంతుక్కూర్చోవడం వద్దు.