సమాధానం: విదేశంలో ర్యామ్ ఆర్డర్ చేస్తే రద్దవుతోంది

విదేశంలో ఉండగా ఆన్‌లైన్‌లో లాప్‌టాప్‌కి ర్యామ్ (మెమరీ) ఆర్డర్ చేసి హోటల్‌కి పంపమంటే, డబ్బు కట్ అయినట్టు మెసేజ్ వచ్చి, కాసేపటికే ఆర్డర్ రద్దయిందన్నారు కదా. బిల్లింగ్ అడ్రస్‌లోనూ హోటల్ అడ్రసే ఇచ్చానన్నారు, నా అనుమానం అక్కడేనండీ. ఆ గడిలో మీ బ్యాంకు రికార్డులో ఉన్న ఇంటి అడ్రస్, పిన్ కోడ్‌తో సహా ఉన్నదున్నట్టు ఉండాలి. హోటల్ అడ్రస్ షిప్పింగ్‌కి మాత్రమే. బ్యాంకు యాప్‌లో అంతర్జాతీయ ఆన్‌లైన్ లావాదేవీలు ఆన్‌లో ఉన్నాయో లేదో చూడండి. ఓటీపీ వచ్చే సిమ్‌కి రోమింగ్ ఉండాలి. వెంటవెంటనే మళ్లీ నొక్కకండి. ప్రతిసారీ అంత మొత్తం హోల్డ్‌లో పడి (అంటే బ్యాంకు తాత్కాలికంగా ఆపి ఉంచి) కార్డు లిమిట్ నిండిపోవచ్చు, అది విడుదలవడానికి కొన్ని రోజులు పడుతుంది.

షిప్పింగ్ పేరు హోటల్ బుకింగ్‌లో ఉన్నట్టే రాసి, పక్కన చెకిన్ తేదీ వేయండి. రిసెప్షన్‌వాళ్లు పార్సిల్ తీసుకుంటారో లేదో ముందే అడగండి, కొన్నిచోట్ల తీసుకోరు.

ఇక ర్యామ్ సంగతి. మీది లాప్‌టాప్ కాబట్టి సోడిమ్ (లాప్‌టాప్‌లలో వాడే పొట్టి ర్యామ్ కార్డు) కావాలి. డెస్క్‌టాప్‌లో వాడే డిమ్ అనే కార్డు దాదాపు రెట్టింపు పొడవు, స్లాట్‌లో పట్టదు. డీడీఆర్4, డీడీఆర్5 అనే రెండు తరాల ర్యామ్ కార్డుల అంచున గాట్లు వేర్వేరు చోట్ల ఉంటాయి, ఒకదాని స్లాట్‌లో ఇంకోటి బలవంతంగా నొక్కితే స్లాటే విరగొచ్చు. తిరుగు ప్రయాణానికి నాలుగైదు రోజుల ముందే చేతికందేలా ఆర్డర్ పెట్టి, అక్కడే బిగించి, ర్యామ్‌లో లోపాలు వెతికే మెమ్‌టెస్ట్86 అనే ప్రోగ్రామ్‌ని ఒక పూర్తి పాస్ (మొదటినుంచి చివరిదాకా ఒకసారి) నడపండి. ఇంటికొచ్చాక లోపం బయటపడితే వాపసు పంపే ఖర్చు చాలాసార్లు మీదే.