పాత కారు మీద కొత్తగా పుట్టించిన తుప్పు: కొన్నవారికి చట్టం ఇచ్చే రక్షణ

ప్రశ్న: నేను కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో ఉంటున్నాను. ఎనిమిది నెలల క్రితం సెంట్రల్ వ్యాలీలో పాత కార్లు అమ్మే ఒక డీలరు దగ్గర, 1932 నాటి ఫోర్డ్ కూపేను మార్చి తయారు చేసిన హాట్ రాడ్‌ను 64,000 డాలర్లకు కొన్నాను. ‘1950లలో వేసిన రంగు, ఆ తరువాత ఎవరూ ముట్టుకోలేదు, పాటినా అంతా సహజంగా వచ్చినదే’ అని ప్రకటనలో ఉంది. ఒప్పంద పత్రంలో మాత్రం ‘యాజ్ ఈజ్’ (ఉన్నది ఉన్నట్టుగా అమ్ముతున్నాం) అని రాసి ఉంది. కొనే ముందు నేను గంటసేపు కారును చూశాను. గత నెలలో ఒక మెకానిక్ దానిని లిఫ్టు మీదికి ఎత్తి పరిశీలించి, తలుపుల మీది తుప్పును ఉప్పునీటితోనో ఆమ్లంతోనో తెప్పించి పైన మ్యాట్ క్లియర్ కోట్ (మెరుపు లేని పారదర్శకమైన పూత) వేసినట్టుందని, కుడి తలుపు మీద వెలిసిపోయినట్టు కనిపించే గ్యారేజీ పేరును తుప్పు వచ్చాకనే రాసినట్టుందని చెప్పాడు. డీలరును అడిగితే, ‘నా దగ్గరికి అలాగే వచ్చింది, మీరు చూసుకునే కొన్నారు’ అంటున్నాడు. నా డబ్బు తిరిగి వస్తుందా? ఇది నేరం కాదా? పోనీ, ఈ కారును మరొకరికి అమ్మేసుకోవచ్చా?

జవాబు: రాగి, ఇత్తడి పాత్రల మీద ఏళ్ల తరబడి పట్టే చిలుము మనందరికీ తెలిసిందే. కారు రేకు మీద ఎండ, వాన, చేతి రాపిడి కలిసి మిగిల్చిన వెలిసిన రంగును, పలుచని తుప్పును పాత కార్లవాళ్లు పాటినా అంటారు. దానిని కృత్రిమంగా పుట్టించడం నేరం కాదని ముందుగా స్పష్టం చేస్తున్నాను. ఉప్పునీరు, వెనిగర్, హైడ్రోజన్ పెరాక్సైడ్ వంటివాటితో కొత్త రేకును పాతదిగా చేయడం అమెరికాలో బహిరంగంగా నడిచే పనితనం, దానిని కోరి డబ్బిచ్చి చేయించుకునేవారూ ఉన్నారు. ఎంత నైపుణ్యంతో పుట్టించినా ఆ తుప్పు ఎవరినీ మోసగించదు, దానికి లేని వయసును అంటగట్టి చెప్పిన వాక్యం మోసగిస్తుంది. అందువల్ల మీ కేసులో కోర్టు ప్రధానంగా చూసేది తలుపును కాదు, ప్రకటనలోని ఆ ఒక్క వాక్యాన్ని.

ఆ వాక్యానికి అంత విలువ ఎందుకు వచ్చిందో న్యాయమూర్తికి మీరే వివరించవలసి రావచ్చు. హాట్ రాడ్ అంటేనే మార్పు చేసిన కారు. 1932లో ఫోర్డ్ తెచ్చిన 65 హార్స్‌పవర్ వీ8 ఇంజిను కార్లను తరువాతి కాలంలో దక్షిణ కాలిఫోర్నియా యువకులు చౌకగా కొని, మడ్‌గార్డులు తీసేసి, బరువు తగ్గించి, మురాక్, ఎల్ మిరాజ్ వంటి ఎండిన సరస్సుల మీద వేగం కోసం పరుగెత్తించారు. ఆ పోటీల కోసం సదరన్ కాలిఫోర్నియా టైమింగ్ అసోసియేషన్ 1937లోనే ఏర్పడింది. ఆ కాలంలో తయారై, ఆనాటి రంగుతోనే మిగిలిన బండ్లు నేడు అరుదు. పెబుల్ బీచ్ వంటి ప్రతిష్ఠాత్మక పాత కార్ల ప్రదర్శన 1997లో హాట్ రాడ్లకు ప్రత్యేక విభాగం తెరిచిందంటే, వాటికి చారిత్రక విలువ ఉందని అంగీకరించినట్టే కదా. మరోవైపు 1932 ఫోర్డ్ బాడీలను కొత్త ఉక్కుతో తయారు చేసి ఇప్పటికీ అమ్ముతున్నారు. నిన్నటి రేకుకు డెబ్బయి ఏళ్ల వయసు కనిపించేలా చేయగలిగితే ఎవరికి లాభమో వేరే చెప్పనక్కరలేదు.

హాట్ రాడ్ విషయంలో ‘ఒరిజినల్’ అన్న మాటతో చాలా జాగ్రత్తగా ఉండాలి. ఫ్యాక్టరీలో వేసిన రంగు, హాట్ రాడ్‌గా మార్చినప్పుడు వేసిన రంగు వేరువేరు, పైగా ఈ రెండింటికీ బాడీ ఏ కాలానిదన్న ప్రశ్నతో సంబంధం లేదు. ప్రకటనలో ‘ఒరిజినల్ హాట్ రాడ్’ అని మాత్రమే ఉండి ఉంటే అది అస్పష్టమైన మాటని డీలరు వాదించగలిగేవాడు. ‘చూస్తే కళ్లు తిప్పుకోలేరు’, ‘ఇలాంటిది మళ్లీ దొరకదు’ వంటి మాటలను చట్టం వ్యాపారి పొగడ్తలుగానే వదిలేస్తుంది. మీ ప్రకటన అలాంటిది కాదు. రంగు ఏ దశాబ్దానిదో, ఆ తరువాత ఎవరైనా ముట్టుకున్నారో లేదో, పాటినా ఎలా వచ్చిందో అది చెప్పింది. ఈ మూడూ నిజమో అబద్ధమో తేల్చగలిగిన వాస్తవ కథనాలు. కాలిఫోర్నియా కమర్షియల్ కోడ్ 2313 సెక్షన్ ప్రకారం, అమ్మేవాడు సరుకు గురించి చెప్పిన వాస్తవం, ఇచ్చిన వర్ణన బేరానికి ఆధారంలో భాగమైతే, అది స్పష్టమైన హామీ అవుతుంది. ‘వారంటీ’ అన్న పదం వాడవలసిన అవసరం లేదు, హామీ ఇవ్వాలన్న ఉద్దేశం ఉండవలసిన అవసరం కూడా లేదు.

ఇక్కడే డీలరు చెప్పే మొదటి సాకు వీగిపోతుంది. తన దగ్గరికి కారు అలాగే వచ్చిందన్న మాట నిజమే అయినా, హామీ ఉల్లంఘనకు అమ్మినవాడికి అబద్ధమని తెలిసి ఉండాలన్న నియమం లేదు. మోసం కింద దావా వేస్తేనే అతని ఎరుక ప్రశ్న వస్తుంది. అక్కడ కూడా సివిల్ కోడ్ 1710 సెక్షన్, నమ్మడానికి తగిన ఆధారం లేకుండా అబద్ధాన్ని వాస్తవంగా చెప్పడాన్ని మోసపు రకాల్లో ఒకటిగానే లెక్కించింది. కాబట్టి ‘1950ల రంగు అని మీకు ఎలా తెలిసింది?’ అన్న ప్రశ్నకు అతను ఏ పాత ఫొటోనో, ముందరి యజమాని ఉత్తరాన్నో చూపించలేకపోతే, తెలియదన్న మాట అతనిని పూర్తిగా కాపాడదు.

రెండవ సాకు, మీరు చూసుకునే కొన్నారన్నది. ఈ విషయంలో కీత్ వర్సెస్ బుకానన్ అనే 1985 నాటి కాలిఫోర్నియా అప్పీలు తీర్పు మీకు బాగా ఉపయోగపడుతుంది. ఒక వ్యక్తి తెరచాప పడవ కొన్నాడు. అది సముద్రయానానికి తగినదని బ్రోషర్‌లో ఉంది. కొనే ముందు తనకు తెలిసినవారి చేత పడవను చూపించుకున్నాడు కూడా. అయినా బ్రోషర్‌లోని మాటలు స్పష్టమైన హామీయేనని, అవి బేరంలో భాగమైనట్టే భావించాలని, కొనుగోలుదారు తనిఖీ చేసినంత మాత్రాన ఆ హామీని వదులుకున్నట్టు కాదని కోర్టు చెప్పింది. కొనేటప్పటికే మీకు నిజం తెలుసని డీలరు రుజువు చేయగలిగితే విషయం వేరు. కానీ గంటసేపు చుట్టూ తిరిగి చూసిన మామూలు మనిషికి, లిఫ్టు మీద మెకానిక్ కనిపెట్టిన విషయం తెలిసి ఉండాలనడం న్యాయం కాదు.

‘యాజ్ ఈజ్’ అన్న మాటకు భయపడి చాలామంది అక్కడితో ఆగిపోవడం నాకు బాధ కలిగిస్తుంది. ఆ మాట సాధారణంగా చట్టం తనంతట తాను చేర్చే అంతర్నిహిత హామీలను తొలగిస్తుంది. ఇంజిను నూనె కారుతోందనో బ్రేకులు సరిగా లేవనో మీరు ఫిర్యాదు చేసి ఉంటే అది అడ్డు వచ్చేది. స్పష్టంగా ఇచ్చిన హామీని మాత్రం అది అంత తేలికగా చెరిపివేయలేదు. ఒక చేత్తో ఇచ్చిన హామీని అదే ఒప్పందంలో మరో చేత్తో లాక్కోవడం సమంజసం కానప్పుడు, ఆ నిరాకరణ చెల్లదని కమర్షియల్ కోడ్ 2316 సెక్షన్ చెబుతుంది. మీ కేసులో నిజమైన చిక్కు ఒకటుంది. ‘ఈ పత్రంలో ఉన్నదే మా పూర్తి ఒప్పందం’ అనే వాక్యం అందులో ఉండి, ప్రకటనలోని మాటలు పత్రంలోకి ఎక్కకపోతే, హామీ వాదనకు ప్రకటనను సాక్ష్యంగా తీసుకోరాదని డీలరు అభ్యంతరం చెప్పవచ్చు. మోసం వాదనకు ఆ అభ్యంతరం వర్తించదని, రాతపూర్వక ఒప్పందానికి విరుద్ధమైన మాటలను కూడా మోసాన్ని రుజువు చేయడానికి వినవచ్చని రాష్ట్ర సుప్రీంకోర్టు 2013లో రివర్‌ఐలాండ్ కేసులో తేల్చింది. అందువల్ల రెండు వాదనలనూ కలిపే దావాలో చేర్చాలి. మీరు సొంత వాడకానికి కొన్నారు గనుక, వినియోగదారుల న్యాయ పరిహారాల చట్టం కూడా తోడవుతుంది. సివిల్ కోడ్ 1770 సెక్షన్‌లోని నిషిద్ధ పనుల జాబితాలో, మార్పులు చేసిన సరుకును ఒరిజినల్ అని చెప్పి అమ్మడం కూడా ఉంది.

ఇక రుజువు. గెలుపోటములు ఇక్కడే తేలుతాయి గనుక దీని గురించి వివరంగా చెప్పక తప్పదు. మెకానిక్ అభిప్రాయం దారి చూపిస్తుంది గాని, కోర్టులో నిలబడడానికి చాలదు. పైన మ్యాట్ క్లియర్ కోట్ ఉన్నంత మాత్రాన కింది పాటినా నకిలీదని తేలదు. నిజమైన పాటినాను నిలబెట్టుకోవడానికి కూడా దాని మీద క్లియర్ కోట్ వేసేవారు, ఉడికించిన లిన్‌సీడ్ నూనె రాసేవారు ఎందరో ఉన్నారు. అయితే ‘ఎవరూ ముట్టుకోలేదు’ అన్న మాటకు ఆ పొర ఉండడమే విరుద్ధ సాక్ష్యం కాగలదు, ఎందుకంటే నేటి రెండు భాగాల యురేథేన్ క్లియర్ 1950ల వర్క్‌షాపులో దొరికేది కాదు. మీ మెకానిక్ చెప్పినవాటిలో అన్నిటికంటే బలమైనది తలుపు మీది అక్షరాల సంగతి. అక్షరాలు పాతవైతే, తుప్పు వాటిని లోపలి నుంచి పగలగొట్టుకుని పైకి వస్తుంది. కొత్తవైతే, తుప్పు గుంతల అడుగు వరకు అక్షరాల రంగు దిగి ఉంటుంది. దీనిని భూతద్దం కింద ఫొటో తీసి చూపించవచ్చు.

సహజమైన అరుగుదల కారు వాడకాన్ని అనుసరిస్తుంది. ఆకాశాన్ని చూసే పైకప్పు, బానెట్ ముందుగా వెలుస్తాయి, డ్రైవరు తలుపు అంచు చేతి రాపిడికి అరుగుతుంది, నీరు నిలిచే అడుగు అంచుల్లో తుప్పు లోపలి నుంచి తింటూ వస్తుంది. బయట తలుపంతా తుప్పు పట్టి, దాని లోపలి అతుకులు శుభ్రంగా ఉంటే అనుమానించవలసిందే. నిపుణుడు మీ అనుమతితో రంగు నుంచి గోరంత ముక్క తీసి, దాని అడ్డుకోతను సూక్ష్మదర్శినిలో చూస్తే పొరల వరుస, వాటి మధ్య చిక్కుకున్న మట్టి కనిపిస్తాయి. అసలు ఆ పొరలే లేకపోతే డీలరు దగ్గర జవాబు ఉండదు. ఇదే సందర్భంలో ఫ్రేము ఎడమ పట్టీ పైభాగాన కొట్టిన సంఖ్యను కూడా యాజమాన్య పత్రంతో సరిచూడమనండి. ఆ సంఖ్యను చెరిపినట్టో మార్చినట్టో కనిపిస్తే విషయం పాటినాను దాటిపోతుంది. వెహికల్ కోడ్ 10751 సెక్షన్ కింద పోలీసులు ఆ బండిని స్వాధీనం చేసుకోవచ్చు గనుక, అప్పుడు మరో అడుగు వేసే ముందే న్యాయవాదిని కలవండి.

నిపుణుడు చూసేవరకు కారును కడిగి పాలిష్ చేయవద్దు, ఒక్క చోట కూడా గీకవద్దు, రంగు వేయించవద్దు. సాక్ష్యం పోవడం ఒక్కటే దీనికి కారణం కాదు. కారును వెనక్కి ఇచ్చి డబ్బు కోరే హక్కు కమర్షియల్ కోడ్ 2608 సెక్షన్ కింద మీకుంది, కానీ సరుకు స్థితి మీ చేతుల్లో గణనీయంగా మారకముందే, తగిన సమయంలోనే దానిని వాడుకోవాలి. లోపం బయటపడిన తరువాత తగిన సమయంలో అమ్మినవాడికి తెలియజేయకపోతే హామీ కింద పరిహారమే పోతుందని అదే కోడ్‌లోని 2607 సెక్షన్ హెచ్చరిస్తుంది. ఇప్పటికే ఒక నెల గడిచింది గనుక ఈ వారంలోనే లేఖ పంపండి. వినియోగదారుల చట్టం కింద నష్టపరిహారం కోరాలంటే దావాకు కనీసం 30 రోజుల ముందు, రసీదు తిరిగి వచ్చేలా సర్టిఫైడ్ లేదా రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు ఇవ్వాలి. ఒకే లేఖతో రెండు అవసరాలూ తీరతాయి. ఆ లేఖలో ‘డబ్బు ఇవ్వకపోతే పోలీసులకు చెబుతాను’ అని మాత్రం రాయకండి. తెలిసి చేసిన మోసమైతే అది నేరం కూడా కావచ్చు, ఫిర్యాదు చేసే హక్కు మీకుంది. కానీ ఆ ఫిర్యాదును బెదిరింపుగా చూపి డబ్బు అడిగితే, బలవంతపు వసూలు ఆరోపణ మీ మీదికే తిరగవచ్చు.

ఎంత వస్తుందన్నది మీరు ఎంచుకునే దారిని బట్టి మారుతుంది. ఉదాహరణకు, ప్రకటనలో చెప్పినట్టే ఉంటే కారు 70,000 డాలర్లు చేసేదని, ఉన్న స్థితిలో 45,000 మాత్రమే చేస్తుందని మదింపుదారు చెప్పారనుకుందాం. కారును మీ దగ్గరే ఉంచుకుంటే, హామీ ఉల్లంఘన కింద ఆ రెండింటి తేడా, అంటే 25,000 కోరవచ్చు. మోసం కింద సివిల్ కోడ్ 3343 ప్రకారం సాధారణంగా మీరు ఇచ్చిన ధరకూ అసలు విలువకూ మధ్య తేడా, అంటే 19,000 వస్తుంది. ఉద్దేశపూర్వక మోసం బలంగా రుజువైతే దాని మీద శిక్షగా విధించే అదనపు పరిహారానికి కూడా అవకాశం ఉంది. చిన్న మొత్తాల తగవులు తీర్చే స్మాల్ క్లెయిమ్స్ కోర్టులో వ్యక్తులు 12,500 డాలర్లకు మించి కోరలేరు గనుక అది మీకు సరిపోదు. 35,000 లోపు కోరితే లిమిటెడ్ సివిల్ కేసుగా కొంత తక్కువ ఖర్చుతో నడుస్తుంది. హామీ దావాకు కారు మీకు అందిన రోజు నుంచి నాలుగేళ్లు, మోసం దావాకు అది బయటపడిన నాటి నుంచి మూడేళ్లు గడువు ఉంది. కానీ డీలరు తన ప్రకటనను తొలగించకముందే మీరు దానిని తేదీతో సహా భద్రపరచాలి గనుక గడువును చూసుకుని తాత్సారం చేయవద్దు.

నా సలహా అడిగితే, ముందు కారును వెనక్కి తీసుకుని డబ్బు ఇమ్మనే కోరండి. పాటినా విలువ మీద ఇద్దరు మదింపుదారులు రెండు అంకెలు చెబుతారు, ఆ తగవులో సగం డబ్బు నిపుణుల ఫీజులకే పోతుంది. కొన్న ధర మీద మాత్రం తగవు ఉండదు.

మీ చివరి ప్రశ్నకు జవాబు మీకు రుచించకపోవచ్చు. అమ్మవచ్చు, కానీ మీరు కొన్నట్టుగా అమ్మకూడదు. మీకు ఇప్పుడు విషయం తెలిసింది. కొనేవాడికి తెలియని, సులభంగా తెలుసుకోలేని ముఖ్యమైన సంగతిని దాచి అమ్మితే, కాలిఫోర్నియా చట్టం దానినీ మోసంగానే చూస్తుంది. సగం చెప్పి సగం దాచినా అంతే. డీలరుతో తగవు పరిష్కారం కాకముందే అమ్మితే కారును వెనక్కి ఇచ్చే హక్కూ చేజారుతుంది. పరిష్కారమయ్యాక అమ్మదలిస్తే, ప్రకటనలోనూ రసీదులోనూ ఈ వాక్యం ఉంచండి: ‘ఈ కారు మీది పాటినా, తలుపు మీది అక్షరాలు కృత్రిమంగా తయారు చేసినవని నిపుణుడి పరీక్షలో తేలింది, ఆ నివేదిక ప్రతిని కొనుగోలుదారుకు ఇచ్చాను.’ దాని కింద కొనుగోలుదారు చేత తేదీ వేయించి సంతకం తీసుకోండి.