తెల్లారకముందే కుక్క గోల, గేదెలు చేపట్లేదు, ఏం చెయ్యాలి?

ప్రశ్న: మాది తెనాలి దగ్గర పల్లెటూరండి. నాలుగు పాడి గేదెలున్నాయి. పాక దగ్గర కాపలాకి నాటు కుక్కని పెంచుతున్నాం, రెండేళ్ళ మగది. రోజూ నాలుగున్నరకి మొదలెట్టి పాలు తీయడం అయ్యేదాకా ఒకటే మొరుగుడు, మా ఆవిడ కాసిని పాలు పోస్తేనే ఊరుకుంటుంది. గేదెలు బెదిరి సరిగ్గా చేపట్లేదు, అంటే పొదుగులోకి పాలు దించట్లేదు, పక్కింటోళ్ళతో గొడవలు కూడా. సగం నిద్రమాత్ర అన్నంలో కలిపి పెట్టమని ఒకాయన చెప్పాడు, పెట్టొచ్చా? (కుక్క ఫోటో కూడా పంపారు)

జవాబు: నిద్రమాత్ర వద్దండి. మనుషుల మాత్రలు కుక్కకి అంచనా మీద పెట్టకూడదు, డోసు ఎక్కువైతే ప్రాణం మీదకొస్తుంది, కొన్నింటికి మత్తు రాకపోగా ఇంకా రెచ్చిపోతాయి కూడా. అయినా కాపలా కుక్కకి మత్తిచ్చి పడుకోబెడితే ఇక కాపలా ఎవరు కాస్తారు?

అసలు సంగతి మీరే రాశారు, పాలు పోస్తేనే ఊరుకుంటుంది అని. అంటే బకెట్ చప్పుడు వినగానే దానికి తెలిసిపోతుంది పాలొచ్చే టైమ్ అయిందని, మొరిగితే పాలొస్తాయి, ఇంకాసేపు మొరిగితే ఇంకా తొందరగా వస్తాయి. ఈ పాఠం నేర్పింది మీ ఇంట్లోవాళ్ళే, దాని తప్పేం లేదు. మధ్యలో మీరెళ్ళి నోర్ముయ్ అని అరిస్తే అదీ దానికి లాభమే, రాత్రంతా ఒంటరిగా ఉన్నదాన్ని ఎవరో ఒకరు పలకరించినట్టే కదా.

కాబట్టి పాలు మానెయ్యక్కర్లేదు, పోసే క్షణం మార్చండి చాలు. గిన్నె పట్టుకుని కుక్కకి కనపడేలా నిలబడండి, మొరుగుతున్నంతసేపు దానివైపు చూడొద్దు, తిట్టొద్దు, కదలొద్దు. ఊపిరి తీసుకోడానికైనా ఎక్కడో ఒకచోట ఆపుతుంది, ఆ మూడు నాలుగు సెకన్ల నిశ్శబ్దంలో "శభాష్" అని కాస్త పొయ్యండి. ఇలా రెండ్రోజులకోసారి పెంచుకుంటూ పోండి, పది సెకన్లు, అర నిమిషం, తర్వాత పాలు తీయడం అయ్యేదాకా. పాలు పడక విరేచనాలు అవుతుంటే పెరుగన్నం ముద్దలు పెట్టినా ఇదే పద్ధతి.

ఒక్క విషయం ముందే చెప్తున్నా, మొదటి నాలుగైదు రోజులు మొరుగుడు తగ్గదు సరికదా పెరుగుతుంది. రోజూ వచ్చేది ఇవాళ రాలేదేంటని ఇంకా గట్టిగా అడుగుతుందన్నమాట. సరిగ్గా అప్పుడే ఇంట్లో ఎవరో పాపం అనుకుని పోసేస్తారు, దాంతో అరగంట మొరిగితే వస్తాయని కొత్తగా నేర్చుకుంటుంది, ముందుకంటే మొండికేస్తుంది. ఇంట్లో అందరూ ఒకే మాట మీద ఉండాలి, పక్కింటోళ్ళకి కూడా వారం పది రోజులు ఓపిక పట్టమని చెప్పుకోండి.

గేదెల సంగతికొస్తే, పొదుగు కడిగినప్పుడు, దూడ కుడిచినప్పుడు ఆక్సిటోసిన్ అనే హార్మోన్ విడుదలై పాలు చేపుతుంది, దాని పని కొద్ది నిమిషాలే, ఈలోపు బెదిరిందంటే అడ్రినలిన్ అడ్డం పడి పాలు పైనే ఉండిపోతాయి. అందుకని పాలు తీసే టైమ్‌లో కుక్కని పాక ఎదురుగా కట్టకండి, గడ్డివామి అవతలకి మార్చండి, రోడ్డు కనపడకుండా ఒక తడిక కట్టినా చాలా తేడా ఉంటుంది. చేపట్లేదని ఆక్సిటోసిన్ ఇంజెక్షన్ జోలికి మాత్రం పోకండి.

పగలు దాన్ని ఎంతసేపు వదులుతున్నారో మీరు రాయలేదు. పొద్దస్తమానం గొలుసుతోనే ఉంటే దాని ఒంట్లో ఓపికంతా తెల్లవారుజామున నోట్లోంచే బయటికొస్తుంది. సాయంత్రం అరగంట చేలగట్ల మీద తిప్పండి, రాత్రి అన్నం ఎనిమిది దాటాక పెట్టండి, పొద్దున మొరగడం మొదలెట్టకముందే, అంటే నాలుగుంపావుకి లేచి ఒకటీ రెండూ వెళ్ళడానికి వదలండి. కట్టేసిన చోట పాడుచేసుకోవడం కుక్కకి ఇష్టముండదు, సగం గోల దానికోసమే అయ్యుండొచ్చు. అన్నట్టు కుక్కని ఎప్పుడూ కట్టేసి ఉంచి తిప్పకపోవడం 1960 జంతు హింస నివారణ చట్టం ప్రకారం నేరం కూడానండి, ఇది చాలామందికి తెలీదు.

ఇదంతా రోజూ ఉండే మొరుగుడు గురించి. ఉన్నట్టుండి గొంతు మారి బొంగురుపోయినా, చొంగ కారుతున్నా, దవడ జారిపోయినా, నీళ్ళు మింగలేకపోతున్నా ఎముక ఇరుక్కుందేమో అని నోట్లో చెయ్యి పెట్టొద్దు, రేబిస్ అయ్యుండొచ్చు, దూరంగా ఉండి పశువైద్య హెల్ప్‌లైన్ 1962కి ఫోన్ చెయ్యండి. కరిచినా, గాయం మీద చొంగ పడినా సబ్బుతో పావుగంట ధారగా కడిగి వెంటనే పీహెచ్‌సీకి వెళ్ళాలి. ఏటా రేబిస్ టీకా వేయిస్తున్నారు కదా? లేదంటే ఈ వారమే పశువుల ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

తీసుకెళ్ళినప్పుడు మెడ కూడా చూపించండి, ఫోటోలో గొలుసు ఒరిసి వెంట్రుకలు ఊడిపోయి ఎర్రగా కనపడుతోంది, చెవుల దగ్గర గోమార్లు కూడా ఉన్నట్టున్నాయి. గొలుసు తీసేసి రెండు వేళ్ళు దూరేంత వదులుగా గుడ్డ బెల్టు వెయ్యండి, రాత్రంతా ఆ పుండు సలుపుతుంటే తెల్లారేదాకా అది మాత్రం ఎలా పడుకుంటుంది.